సిద్ధాంతం నుంచి నరసాపురం దాకా: ఏటిగట్టు మీద రెండు సైకిళ్ళు

సుజాత సైకిలు పధ్నాలుగు నెలలుగా మా మేడమెట్ల కింద దుప్పటి కప్పుకుని ఉంది. అంతకు ముందు రోజూ తెల్లారకుండానే రాజమండ్రి చుట్టూ పాతిక కిలోమీటర్లు తొక్కి వచ్చి, నన్ను నిద్రలేపే మనిషి నా భార్య. ఒకరోజు హైవే పక్కన వెళ్తుంటే వెనకనుంచి వచ్చిన వ్యాను హ్యాండిలుకు తగిలింది. విరిగిన మణికట్టు రెండు నెలల్లో అతుక్కుంది కానీ, వెనక బండి చప్పుడు వినబడితే తను ఉన్నచోటే ఆగిపోవడం మాత్రం పోలేదు. మొన్న దసరా వెళ్ళాక తనే అంది, "బండ్లు రాని రోడ్డు ఎక్కడైనా ఉంటే ఒక్కసారి తొక్కి చూస్తానండి. కుదరకపోతే ఆ సైకిలు అమ్మేద్దాం." ఆ రెండో మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను, ఏదైనా రుజువు చూసుకోనిదే నమ్మను. అందుకని ఒక శనివారం ఒక్కణ్ణే వెళ్ళి, సిద్ధాంతం దగ్గర గోదావరి ఏటిగట్టు ఎక్కి పది కిలోమీటర్లు తొక్కి చూశాను. నాలుగు గేదెలు తప్ప ఏమీ ఎదురు రాలేదు. ఇంటికొచ్చి "ఒక్క బండి కూడా రాదు, పూచీ నాది" అని మాటిచ్చేశాను.

నవంబరు నెలాఖరు ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. రాజమండ్రి నుంచి రావులపాలెం మీదుగా సిద్ధాంతం గంటన్నర ప్రయాణం. సైకిళ్ళు రెండూ ఎక్కించుకుని వెళ్ళడానికి ట్రాలీ ఆటో పద్దెనిమిది వందలు అడిగింది, పదహారు వందలకు కుదిరింది. డ్రైవరు సత్తిబాబు పక్కన ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. లారీ దాటినప్పుడల్లా సుజాత నా మోచేయి పట్టుకునేది. సిద్ధాంతం సెంటర్లో ఇడ్లీ తిన్నాక తను చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. సత్తిబాబు సైకిళ్ళు దించుతూ అడిగాడు.

"గట్టెక్కుతారా మాస్టారూ? కోతలు కదండీ. గట్టంతా ధాన్యమే ఉంటదండి. ట్రాక్టర్లు తిరుగుతుంటాయి."

డెల్టాలో పుట్టి, మూడు పూటలా అన్నమే తింటూ, కోతల నెల మర్చిపోయిన మాస్టారు జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. నేను గట్టు చూసొచ్చినప్పుడు చేలు ఇంకా పచ్చగా ఉన్నాయి. ఇప్పుడు వెనక్కి వెళ్దామంటే సైకిలు అమ్మకానికి పెట్టినట్టే. "ఆ సంగతి ఆవిడతో అనకండి" అన్నాను మెల్లగా. "మీ ఇష్టమండి" అన్నాడు సత్తిబాబు. ఆకాశం కూడా ఆ పొద్దున బాగోలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని రెండు రోజులుగా టీవీలో చెబుతూనే ఉన్నారు.

ఏడింటికి ఏటిగట్టు ఎక్కాం. ఇక్కడి నుంచి నరసాపురం దాదాపు నలభై కిలోమీటర్లు. కొంత తారు, ఎక్కువ భాగం ఎర్ర గ్రావెల్. వెడల్పు టైర్లయితే హాయిగా వెళ్ళొచ్చు. ఎడమ చేతి పక్కన వశిష్ట గోదావరి, దాని మధ్యలో లంకలు, కుడి పక్కన గట్టు కింద సగం కోసిన చేలు, కొబ్బరి తోటలు. ఎత్తుపల్లాలు లేని దారి, దారి తప్పే ప్రశ్నే లేదు. ఇదంతా మీ కోసం రాస్తున్నాను కానీ, ఆ రోజు నేను ఏటివైపు చూసింది తక్కువ. సుజాతకు పది అడుగుల వెనక, చెవులు రిక్కించుకుని తొక్కుతున్నాను. గుంత కనిపిస్తే "జాగ్రత్త" అనేవాణ్ణి. గేదె కనిపిస్తే బెల్లు కొట్టేవాణ్ణి. తను కాస్త ఊగితే చాలు, నా బ్రేకు కీచుమనేది. తను ఒక్కదానికీ బదులు చెప్పలేదు. భయంతో మాట రావడం లేదనుకుని నేను మరింత దగ్గరికి జరిగాను.

ఎనిమిదిన్నర దాటాక ధాన్యం మొదలైంది. రోడ్డులో సగం వెడల్పున, కంటికి ఆనినంత దూరం వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంచున చక్రాలు ఎక్కకుండా రాళ్ళు పేర్చారు. ఒక పెద్దావిడ కాళ్ళతో వడ్లను చాళ్ళు చాళ్ళుగా తిరగేస్తూ నడుస్తోంది. పేరు మరియమ్మ, కౌలుకు ఎకరన్నర చేస్తోందట. మేం దిగి సైకిళ్ళు నడిపించడం చూసి సంతోషించింది.

"ఇవాళ ప్రార్థనకి కూడా వెళ్ళలేదమ్మా. తేమ తగ్గకపోతే కొనరు. ఆ మబ్బేమో చూడండి, ఎలా వస్తందో."

అంతలో వెనక ట్రాక్టరు చప్పుడు. సుజాత ఆగిపోయింది. నా వైపు చూసి, "బండి రాదన్నారు" అంది. అంతే అంది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. గట్టు మీద తప్పుకోవడానికి జాగా లేదు. ఒక పక్క ధాన్యం, ఇంకో పక్క నిటారుగా ఏటివాలు.

మరియమ్మ చెయ్యెత్తింది. ట్రాక్టరాయన ఇంజను ఆపేశాడు. ట్రాలీ నిండా బస్తాలున్నాయి, తలమీద నల్లమబ్బు ఉంది, అయినా ఆపేశాడు.

"భయపడకమ్మా" అంది మరియమ్మ. "ధాన్యం ఉన్నన్నాళ్ళూ ఈ గట్టు మీద ఎవడూ జోరుగా తోలడు. గింజ మీద చక్రం ఎక్కితే ఊరుకుంటామేంటి?"

"మీరు ముందు పదండమ్మా" అన్నాడు ట్రాక్టరాయన. "కిలోమీటరు పోతే దిగుడు బాట ఉంది. అక్కడ దిగిపోతాను. అప్పటిదాకా మీ వెనకే వస్తానండి."

సుజాత కాసేపు రోడ్డు కేసి చూసింది. తర్వాత రాళ్ళ వరసకు ఇవతల, ధాన్యం తగలకుండా సైకిలెక్కింది. నేను తేరుకునేలోపు ట్రాక్టరు తన వెనక కదిలింది. దాని వెనక నేను. బస్తాల అవతల నా భార్య ఉందో పడిందో కనబడదు. ఆ కిలోమీటరు తొక్కినంతసేపూ నా సైకిలు ఎటు పోతోందో కూడా చూసుకోలేదు.

ట్రాక్టరు దిగుడు బాటలోకి మళ్ళాక, తను ఒక కాలు నేలమీద ఆన్చి నిలబడి ఉంది. చెమటలు పట్టాయి కానీ ముఖం తేటగా ఉంది.

"ఏమండీ, కోపం తెచ్చుకోకండి. ట్రాక్టరు చప్పుడు ఒకే తీరుగా ఉంది. ఎక్కడుందో తెలుస్తోంది. మీరు వెనకుంటే బెల్లు, బ్రేకు, జాగ్రత్త, అయ్యో. ప్రతిసారీ ఏదో మీద పడబోతోందనే అనిపిస్తోంది. ఇక్కణ్ణుంచి నేనొక్కదాన్నే వెళ్తాను. మీరు గంట ఆగి రండి. నరసాపురం రేవు దగ్గర ఉంటాను."

"గంటా!" అన్నాను. అప్పటికే తను కదిలింది.

టైము తొమ్మిదీ ఇరవై. మలుపు తిరిగాక తన చున్నీ కూడా కనబడలేదు. అప్పుడు నా సంచిలో చెయ్యి పెడితే పంపు, ప్యాచీలు, నీళ్ళు, తన రెయిన్ కోటు అన్నీ నా దగ్గరే ఉన్నాయి. కాపాడే పని నాదే అనుకుని అన్నీ నేనే మోసుకొచ్చాను. ఫోను మూడుసార్లు తీశాను. తొక్కుతున్న మనిషికి జేబులో ఫోను మోగితే ఉలిక్కిపడుతుందని మూడుసార్లూ లోపల పెట్టేశాను. చినుకులు మొదలయ్యాయి. ఊరికే నిలబడలేక మరియమ్మ దగ్గరికి వెనక్కి వెళ్ళాను. గట్టంతా జనం వడ్లు రాశులు పోసి బరకాలు కప్పుతున్నారు.

"అమ్మగారి కోసం కంగారా అండి?" అంది మరియమ్మ. "ముందు ఈ బరకం చివర పట్టుకోండి, ఎగిరిపోతంది."

ఆ గంట నేను బరకం చివర రాళ్ళు పెడుతూ గడిపాను. వాన పావుగంటే కురిసింది. ధాన్యం తడవలేదు. నేను తడిశాను.

దొడ్డిపట్ల మీదుగా నరసాపురం రేవు చేరేసరికి ఒంటిగంట దాటింది. దారంతా గట్టు కింద ఎక్కడైనా సైకిలు పడి ఉందేమోనని చూస్తూనే వచ్చాను. సుజాత ఏరు దాటించే పంటు టిక్కెట్ల గది పక్కన కూర్చుని వేరుశనక్కాయలు తింటోంది. తడిసిన జుట్టు అప్పుడే ఆరుతోంది. దొడ్డిపట్ల దాటాక ముందు టైరు గాలి తగ్గిందట. ఎవరింట్లోనో పంపు అడిగి కొట్టుకుందట, వాళ్ళు కాఫీ కూడా ఇచ్చారట. "ఇంతసేపేంటండీ?" అని నన్నే అడిగింది.

తిరిగి రావడానికి నరసాపురంలో ట్రాలీ ఆటో రెండువేల రెండొందలు తీసుకుంది. ఆటోలో తను నిద్రపోయింది, లారీలు దాటుతున్నా లేవలేదు. సైకిలు అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. తన భయం పూర్తిగా పోయిందని చెప్పను, మా వీధి మలుపులో ఇప్పటికీ దిగి నడుస్తుంది. నా భయం మాత్రం ఆవగింజంత కూడా తగ్గలేదు. ఇన్నాళ్ళూ దాన్ని తన మంచికేనని అనుకుంటూ తన వెనక తోలుకుంటూ వచ్చానని ఇప్పుడు తెలుసు, తెలిసినందుకు సిగ్గుగా ఉంది. ఇక మీరు వెళ్ళేటట్టయితే ఒక్క సలహా. ఇద్దరు కలిసి వెళ్ళినా పంపు, ప్యాచీలు, నీళ్ళు ఎవరివి వాళ్ళ సైకిలు మీదే ఉంచుకోండి. నేను మొన్న మూడువందల యాభై పెట్టి ఇంకో పంపు కొని సుజాత చేతికిచ్చాను. "అయితే వచ్చే ఆదివారం మీరు ఇంట్లో ఉండొచ్చు" అంది నవ్వుతూ. నాకు నవ్వు రావడానికి కాస్త టైము పట్టింది.