సలోమి టీచర్ నాకిచ్చిన మూడు నక్షత్రాలు

పక్క గదిలో మా అమ్మాయి వేసుకుంటున్న జిప్పు చప్పుడు సగంలో ఆగితే చాలు, ఇప్పటికీ నా రెండు చేతులూ వాటంతట అవే తొడల కిందికి వెళ్లిపోతాయి. అలా చేతుల మీద కూర్చుని మనసులో పది లెక్కపెడతాను. చూసినవాళ్లు చలేస్తోందా అని అడుగుతారు. ఇది సలోమి టీచర్ నాకు అంటించిన జబ్బు.

మా శ్రావ్య డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. దాని ఏడో ఏట, తనకు కావలసింది తనే నోరు తెరిచి అడగగలిగితేనే చేర్చుకుంటామన్నారు బడివాళ్లు. వేసవి సెలవులే గడువు. ఆ భయంతో, తార్నాకలో ఒక మేడ మీది గదిలో ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే సలోమి టీచర్ దగ్గరికి పరుగెత్తాను.

"నీ పేరేంది బిడ్డా?" అని ఆవిడ శ్రావ్యను అడిగారు.

"శ్రావ్య అండీ" అన్నాను నేను.

టీచర్ నా వైపు తిరిగారు. "మంచి పేరు. మరి పాప పేరేంది?"

ఆ రోజు నుంచి అసలు శిక్షణ నాకే మొదలైంది. "మాట చెవిల పడ్డంక లోపలికి పోవాలె, మళ్ల బయటికి రావాలె. పాపకు టైం పడతది. చేతుల మీద కూసొని పది లెక్కబెట్టు" అన్నారు. లెక్కపెట్టాను. "నీది ఎక్స్‌ప్రెస్ బండి ఉన్నది గదా! ప్యాసింజర్ లెక్క నడిపియ్యి." పని తనే పూర్తి చేస్తే శ్రావ్య నుదుటన నక్షత్రం స్టిక్కర్ అంటించేవారు. నేను కదలకుండా కూర్చుంటే నాకూ. ఆ వేసవి మొత్తంలో దానికి పుస్తకం నిండా అతికించుకునేన్ని వచ్చాయి, నాకు మూడు. అందులో ఒకటి నుదుటన ఉందని మరిచిపోయి సిటీ బస్సెక్కేశాను కూడా.

సెలవులు ముగుస్తుండగా ఒక సాయంత్రం మమ్మల్ని యూనివర్సిటీ క్యాంపస్‌లో క్యాంటీన్‌కు తీసుకెళ్లారు. శ్రావ్య ఒక్కతే వెళ్లి ఇడ్లీ అడిగి తేవాలి. మేమిద్దరం దూరంగా బెంచీ మీద కూర్చున్నాం. కౌంటర్ దగ్గర అది నోరు మెదపలేదు. వెనక స్టూడెంట్లు వరస కడుతున్నారు. ఆరో అంకె దగ్గర ఒక్క ఉదుటున లేచాను. నా చున్నీ కొసను టీచర్ తన హ్యాండ్‌బ్యాగ్ పట్టీకి ముడేసి ఉంచారని అప్పుడు తెలిసింది. బ్యాగ్ నాతోపాటే లేచి, టిఫిన్ డబ్బా, పలకలు, రంగు పెన్సిళ్లు అన్నీ కింద కుమ్మరించింది. అవి ఏరుతుండగా శ్రావ్య గొంతు వినిపించింది:

"రెండు... మిర్చి బజ్జి."

"ఇడ్లీ కదా తెమ్మన్నాం, టీచర్!" అన్నాను.

"ఇడ్లీ నీకు కావాలె. ఆమెకు బజ్జి కావాలె. తనకు కావాల్సింది అడగాలనే గద బడోళ్లు అన్నది?"

బజ్జి తింటూ ఏడ్చేశాను. కారం ఎక్కువైందన్నాను. టీచర్ నమ్మలేదు. శ్రావ్య బడిలో చేరింది.

టీచర్ ఇప్పుడు లేరు. శ్రావ్యకు ఇరవై దాటాయి, ఫోను సంగతులన్నీ నాకంటే దానికే బాగా తెలుసు. మొన్న కొత్త ఫోనుతో కుస్తీపడి విసిగిపోయి, "నువ్వే చేసిపెట్టవే" అంటూ తలెత్తాను. ఎదుటి కుర్చీలో అది చేతుల మీద కూర్చుని ఉంది. పెదవులు నెమ్మదిగా కదులుతున్నాయి, అచ్చం ప్యాసింజర్ బండిలా. అది తొమ్మిదో అంకెకు వచ్చేసరికి నేను గట్టెక్కాను. అది లేచి, తన నక్షత్రాల పుస్తకం వెతికి, వచ్చి నా నుదుటన ఏదో గట్టిగా అదిమింది.

నాకది నాలుగోది.