పుట్టని పిల్లల లెక్క

నరిన్ కొండల్లో బురుల్‌ని మించిన మొండిమనిషి లేదు. కావాలంటే పందెం కాస్తాను. మేకల కాపరుల ఇంట పుట్టి, రాజధానిలో చదువుకుని, మా ల్యాబ్‌లో క్రోమోజోములు చూసే పనిలో చేరింది. మందను పైకి లెక్కపెడితే కీడని నమ్మే ఇంటి పిల్ల, కంటికి కనిపించనివి లెక్కపెట్టుకుంటూ పొద్దంతా కూర్చునేది.

"నీ లెక్కల పిచ్చికి మన మేకలు హడలి చస్తాయే" అని అత్తగారు దెప్పేది.

"అవి మీ గొంతుకే అలవాటు పడ్డాయి అత్తయ్యా, ఇక దేనికీ హడలవు" అనేది బురుల్.

జపార్ అనే ముసలి కాపరి మా దగ్గరికి వచ్చేనాటికి ఆయన బూడిదరంగు మేకలు రెండో మూడో మిగిలాయి. ఆ జాతి మెత్తటి ఉన్నితోనే ఆ ఇంటికి తరతరాలుగా పేరు. మేకలు ముసలివై ఈనడం మానేశాయి. పోతు చచ్చిపోయింది, దాని బీజం మాత్రం మా దగ్గర గడ్డకట్టించి ఉంది. ముసలి మేకల అండాశయంలోంచి గుడ్లు తీసి, గాజు గిన్నెలో ఆ బీజంతో కలిపి, పిండాలను వేరే పడుచు మేకల కడుపులో పెట్టడం ఒక్కటే దారి. ఆ పెట్టే పశువుల డాక్టర్ని నేనే.

"ఒక్క ఆడపిల్ల పుడితే చాలమ్మా, నా మంద నిలబడుతుంది" అనేవాడు జపార్.

రెండేళ్ళు వరసగా కడుపులు పోయాయి. పిండాలు చూస్తే ముత్యాల్లా ఉండేవి. గడ్డకట్టిన బీజంలో సత్తువ ఉండదని మా పెద్ద డాక్టరు మొదటి నుంచీ మోతాదు పెంచి పోయించేవాడు. కడుపులు పోయేకొద్దీ ఇంకా పెంచాడు.

మూడో ఏడు బురుల్ ఎదురు తిరిగింది. "పైకి అందంగా ఉంటే సరిపోదండీ. కొన్ని పిండాలు నాకివ్వండి, పగలగొట్టి లోపల ఏముందో చూస్తాను."

"జపార్ ఒప్పుకుంటే చూసుకో" అన్నాడు పెద్ద డాక్టరు. ఒప్పుకోడని ఆయన ధీమా.

మేమిద్దరం జపార్ ఇంటికి వెళ్ళాం. మాట వినగానే ముసలాయన టీ గిన్నె ఠక్కున కింద పెట్టాడు. "పుట్టని పిల్లల్ని చంపి లెక్కపెడతావా? అసలు కాపరి ఇంటి పిల్లవేనా నువ్వు?"

"కాపరి ఇంటి పిల్లను కాబట్టే అడుగుతున్నా తాతా. మందలో రోగమొస్తే చచ్చినదాని పొట్ట కోసి చూడవూ? నీ మేకలు ఎన్నాళ్ళో ఆగవు. ఈ ఏడు తీసేవే ఆఖరి గుడ్లు."

ఆయన టీ గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "సరే, చూడు. కానీ పైకి మాత్రం లెక్కపెట్టకు."

పెదాలు బిగించుకునే లెక్కపెట్టింది మహాతల్లి. మేకకు ఉండాల్సిన క్రోమోజోములు అరవై, సగం తల్లివి, సగం తండ్రివి. చాలా పిండాల్లో తొంభై ఉన్నాయి. తండ్రి వాటా రెండుసార్లు పడింది. అలాంటి పిండం కడుపులో నిలవదు.

వెంటనే జపార్‌కి ఫోన్ చేసింది. "తాతా, ఒక్కో పెళ్ళికూతురికి ఇద్దరేసి పెళ్ళికొడుకులు! నీ పోతుకి సత్తువ లేక కాదు, మేమే బీజం ఎక్కువ పోసి చెడగొట్టాం."

ముసలాయన నవ్వు గదంతా వినిపించింది. "నా పోతుని చేతకానివాడన్నారు కదే! చచ్చినా వాడే మగాడని చెప్పు మీ డాక్టరుకి!"

డాక్టరు పక్కనే ఉన్నాడు. పాపం, నవ్వలేక నవ్వి, మోతాదు తగ్గించమన్నాడు. ఆ తర్వాత తీసిన గుడ్లకు బీజం తక్కువ పోసి, కాసేపటికే గుడ్లను అందులోంచి విడదీశాం. మచ్చుకు చూసిన పిండాల్లో దాదాపు అన్నిటికీ లెక్క సరిపోయింది. మిగిలినవి నేను పడుచు మేకల్లో పెట్టాను. ఈసారి కడుపులు నిలిచాయి.

మంచు కరిగే రోజుల్లో మొదటి మేక ఈనింది. పోతుపిల్ల. మేమంతా కేకలు వేశాం, జపార్ మాత్రం చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. రెండోదీ పోతుపిల్లే. ఇక మిగిలింది ఒక్క మేక, దాని కడుపులో పిల్ల అడ్డం తిరిగింది. నా చెయ్యి లావు, లోపలికి పోలేదు. బురుల్ కోటు విసిరేసి బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"మైక్రోస్కోపు కాదే అది, మెల్లగా!" అని అరిచాను.

"నువ్వు నోరు మూసుకుని మేకని పట్టుకో అక్కా!"

పిల్లను సర్ది, లాగింది. అది కదల్లేదు. బురుల్ దాని మూతి తుడిచి, గడ్డితో ముక్కు గెలికింది. పిల్ల తుమ్మింది.

జపార్ దాని తోక ఎత్తి చూశాడు. తడి పిల్లను చొక్కాలో పెట్టుకుని, కంచె అవతల ఉన్న ముసలి బూడిద మేక దగ్గరికి గబగబా నడిచాడు.

"చూడవే," అన్నాడు పిల్లను దాని మూతి దగ్గర పెట్టి, "నీకు కూతురు పుట్టింది."