స్కాన్ కాగితం అడిగే పంతులుగారు

తాడేపల్లిగూడెంలో నరసింహమూర్తి పంతులుగారి దగ్గరికి పురుడు ముహూర్తం కోసం వెళ్లేవాళ్లు పండూ తాంబూలంతో పాటు స్కాన్ కాగితం కూడా పట్టుకెళ్లాలి. పంచాంగం తీయకముందే ఆయన వారాలు లెక్కపెడతారు. ముప్పైతొమ్మిది నిండకపోతే ముహూర్తం లేదు. పంతులుగారికి డాక్టరీ పూనిందని నవ్వుకునేవాళ్లూ ఉన్నారు. నవ్వుకోనివ్వండి, ఆయనకేం.

ఉల్లిపాయల హోల్‌సేల్ వర్తకులు శ్రీరంగనాయకులుగారు అది తెలిసే వచ్చారు. కూతురు హర్షితకు తొలి కాన్పు. ఎల్లుండి గురువారం, పుష్యమి. ఆ రోజుకి సరిగ్గా ముప్పైయారు వారాలు. డాక్టరమ్మ ఇచ్చిన డేటేమో మరో నాలుగు వారాలకు, దోషమున్న ఆశ్లేషలో పడింది.

"ఆపరేషన్ చేయించేద్దామండీ. ఈ డాక్టరమ్మ కాదంటే ఇంకొకరు. లగ్నం మీరు చెప్పండి చాలు. చెప్పనంటారా, ఊళ్లో పంతుళ్లకి కరువా?"

నరసింహమూర్తిగారికి కోపం రావాల్సింది. భయమేసింది. ఎనిమిదేళ్ల కిందట ఏలూరులో, తన కూతురు స్నేహకు ముప్పైయారో వారంలోనే, డాక్టర్లను బతిమాలి మరీ ముహూర్తం పెట్టింది తనే. తను చెప్పిన లగ్నంలోనే మనవరాలు పుట్టింది. వరండాలో వాచీ చూసుకుని మురిసిపోయారు కూడా. లోపల్నుంచి ఏడుపు మాత్రం వినపడలేదు. పన్నెండు రోజులు ఆ పిల్ల అద్దాల పెట్టెలో ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోయేవి. "ఊపిరితిత్తులు పండేది ఈ ఆఖరి వారాల్లోనేనండీ" అంది నర్సు చంద్రకళ, కోపం దాచుకోకుండా. పిల్ల బతికింది. అందులో తన లెక్క గొప్పేమీ లేదని ఆయనకు తెలుసు.

"నాయకులుగారూ, ఆకు పచ్చగా ఉండగానే పీకేసిన ఉల్లి మీ గోదాంలో దింపించుకుంటారా?"

"అదెక్కడ నిలుస్తుందండీ? వారానికే కుళ్లిపోదూ?"

"మంచిరోజు చూసి పీకాం అంటే?"

నాయకులుగారు చేతిలోని స్కాన్ కాగితం మడత పెట్టారు.

"ఆశ్లేషకు శాంతి ఉంది, నేనే వచ్చి చేయిస్తాను. పండని ఊపిరితిత్తులకు శాంతి ఏ శాస్త్రంలోనూ లేదండీ. తల్లికో బిడ్డకో ప్రమాదమని డాక్టరమ్మే అంటే ఏ వారమైనా సరే, నన్ను అడగనే వద్దు. తారాబలం కోసం మాత్రం తొందరపడకండి. నా మనవరాలిని నేనే పచ్చిగా పీకించాను."

గుమ్మంలో ఆయన భార్య వెంకటసుబ్బలక్ష్మి మంచినీళ్ల గ్లాసుతో నిలబడిపోయింది. ఎనిమిదేళ్లలో ఆయన ఆ మాట ఆవిడతో కూడా అనలేదు.

నాయకులుగారు ఏ సంగతీ తేల్చకుండానే లేచి వెళ్లిపోయారు. గురువారం పంతులుగారికి అన్నం సహించలేదు. ఏ కబురూ రాలేదు. ఎవరినైనా అడగడానికి ధైర్యమూ చాలలేదు.

నాలుగు వారాలయ్యాక ఓ పొద్దున ఫోను మోగింది.

"పంతులుగారూ, ఆశ్లేషేనండీ. మీరు శాంతికి రావాలి. ఆడపిల్ల. టైము రాసుకోండి, ఏడూ పద..."

"టైము తర్వాత చెబుదురుగానీ. ఏడ్చిందా?"

నాయకులుగారు ఫోను బిడ్డ దగ్గర పెట్టారు. ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడుస్తోంది. పంతులుగారు కాసేపు విన్నారు. తరవాత వంటింట్లోకి వెళ్లి, ఏమీ చెప్పకుండా, ఫోను వెంకటసుబ్బలక్ష్మి చెవి దగ్గర పెట్టారు.