ఏడు గంటలకి, పరగడుపున

మా అనకాపల్లి ఆసుపత్రి ఆయమ్మ అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. రాబోయే శిబిరాల గురించి నేను బోర్డు మీద రాస్తుంటే పక్కన నిలబడి, "ఎన్ని గంటలకమ్మా?" అని అడిగేది. చదువు రాదు. నేను చెప్పిన సమయాన్నే తన ఊరు మునగపాకలో ఇంటింటికీ చెప్పేది.

ఆ ఆదివారం ఉచిత షుగర్ పరీక్ష. ఏడు గంటలకి, పరగడుపున రావాలని రాశాను. ఊళ్లోవాళ్లు ఆరున్నరకే వచ్చి కూర్చున్నారు. పది దాటినా ఎవరికీ రక్తం తీయలేదు. ముఖ్య అతిథి వచ్చి రిబ్బన్ కత్తిరించాలట! ఒక ముసలాయన కళ్లు తిరిగి కుర్చీలోంచి జారిపోయాడు.

ఆయమ్మ కట్లు కట్టే గదిలోంచి కత్తెర తెచ్చి, రిబ్బన్ కత్తిరించి పారేసింది.

"నా మాట నమ్మి కడుపు మాడ్సుకుని వచ్చేరు. ముందు ఈల్లకి రగతం తియ్యండి. ఆయనొచ్చేక మల్లీ కట్టుకోండి, మల్లీ కోసుకోండి!" అని మేనేజరు మీద అరిచింది.

మర్నాడే ఆమెను పనిలోంచి తీసేశారు. తర్వాతి కార్యక్రమం బోర్డు మీద రాయమని నాకు చీటీ పంపారు: 'కోపాన్ని అదుపులో పెట్టుకోవడం ఎలా?'

ఎన్ని గంటలకని అడిగే మనిషి పక్కన లేదు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. అది రాసిన చెయ్యి చూసుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.