సాబుదానా అల్లిక

మొన్న మా అమ్మాయి ఫోన్లో ఆర్డరు పెట్టి ఓ ఎలుగుబంటి బొమ్మ తెప్పించింది. నూలు దారంతో చేత్తో అల్లిందిట. దాని పొట్ట మీద చెయ్యి వెయ్యగానే వేళ్ల కింద చిన్న చిన్న గింజలు తగిలాయి. "సాబుదానా!" అనేశాను. నాకేదో అయిందన్నట్టు చూసింది పిల్ల. కృష్ణా జిల్లా మనిషిని, పుట్టి బుద్ధెరిగి సగ్గుబియ్యం అన్నదాన్నే గానీ సాబుదానా అన్నదాన్ని కాను. ఆ మాట దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ఓనరు భార్యది.

ఆ ఇంటి పై వాటాలో దిగేటప్పటికి నేను కడుపుతో ఉన్నాను. మా అమ్మ అంతకుముందు ఏడే పోయింది. పురిటికి ఎక్కడికెళ్లాలో తెలీక, మా ఆయన ఆఫీసుకెళ్లగానే మెట్ల మీద కూర్చుని ఏడ్చేదాన్ని. కింద వాటాలో ఉండే ఓనరు భార్య నల్లగొండ వైపు మనిషి. కొన్నాళ్లు చూసి చూసి, "ఊకె ఏడుస్తే లోపలున్న బిడ్డ పరేషాన్ అయితది. గీ సూదులు పట్టు" అని రెండు అల్లిక సూదులూ, ఓ ఊలు ఉండా నా ఒళ్లో పడేసింది. కొట్లో దొరికే మెత్తటి ఊలనుకునేరు! వాళ్ల తల్లిగారి ఊళ్లో గొర్రెల బొచ్చు వడికి తీసిన నల్లటి ఊలు, గొంగళ్లు నేసేది. చేతులు మంటపుట్టేవి, ఇల్లంతా గొర్రెల వాసన. దాంతో బొమ్మలకి చెవులూ తోకలూ అల్లేవాళ్లం, పసిపిల్లల స్వెట్టర్లకి మాత్రం మెత్తటి తెల్ల ఊలు తెప్పించేది. ఆవిణ్ణి పెద్దమ్మా అనడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే గుర్తు లేదు.

సీదా కుట్టు ఒకటి, ఉల్టా కుట్టు ఒకటి, పై వరసలో తారుమారు. అలా గింజలు గింజలుగా తేలే అల్లికకి ఆవిడ పెట్టుకున్న పేరు సాబుదానా. నాకా సంగతి తెలిస్తేగా! "రేపు పొద్దుగాల ఒస్తా, సాబుదానా ఏసి పెట్టు" అంది ఓ సాయంత్రం. కిరాణా కొట్లో అడిగితే సగ్గుబియ్యం చేతిలో పెట్టాడు. అయ్యో, పెద్దావిడకి నోరు తియ్యన చేసుకోవాలని ఉంది కాబోలని పాలు పోసి, ఏలకులు దంచి గిన్నెడు పాయసం కాచాను. పొద్దున్నే వచ్చి "ఏది, ఎంత దాంక అయ్యింది?" అంటే మూత తీసి చూపించాను. నవ్వి నవ్వి గోడ పట్టుకుంది మహాతల్లి. "నీ అల్లిక మస్తు తియ్యగున్నది బిడ్డా" అంటూ రెండు గ్లాసులు తాగింది.

అన్నీ నేర్పింది గానీ ముగింపు నేర్పలేదు. ఆఖరి వరసలో కుట్లు ఒకదాని మీంచి ఒకటి దాటించి సూది ఖాళీ చెయ్యాలి, లేకపోతే లాగితే మొత్తం ఊడొస్తుంది. ఆ పని దగ్గరికొచ్చేసరికి నా చేతిలోంచి లాక్కునేది. "గది నేర్పితే ఇగ నా దిక్కు ఎందుకొస్తవ్?" అనేది నవ్వుతూ. అది నవ్వులాట కాదని ఎల్బీనగర్‌లో సొంతింటికి మారాక తెలిసింది. స్వెట్టరో, కుందేలు బొమ్మో ఆఖరి వరస దాకా అల్లి, సూదితో సహా సంచిలో పెట్టి, పిల్లని చంకనేసుకుని బస్సెక్కేదాన్ని. ముగించడానికి ఆవిడకి పట్టేది కాసేపే. కబుర్లు మాత్రం పొద్దుగూకేదాకా. అన్నం పెట్టి, పిల్లకి జడేసి, "మళ్ల ఎప్పుడొస్తవ్?" అంటూ గేటు దాకా వచ్చేది. నాకు పుట్టిల్లంటే ఆ గేటే.

ఓ చలికాలం, మా అమ్మాయి బడికి వేసుకెళ్లాల్సిన స్వెట్టరు పట్టుకుని వెళ్తే గేటుకి తాళం. దవాఖానకి తీస్కపోయిన్రని పక్కింటామె చెప్పింది. పెద్దమ్మ మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ స్వెట్టరు ఇప్పటికీ నా బీరువాలో సూది మీదే ఉంది. బొమ్మ వంకన ఈ కథంతా విని, మా అమ్మాయి దాన్ని బయటికి తీసింది. "ఫోన్లో చూస్తే అయిదు నిమిషాల పనమ్మా, నేను చేసేస్తా" అంది. చేతి మీద ఒక్కటిచ్చాను. పాపం, దానికేం తెలుసు! నేర్చుకోలేక కాదే తల్లీ, నాకు మా పెద్దమ్మ కావాలి. కాలం ఎలాగూ దేన్నీ ముగించకుండా వదలదు. ఈ ఒక్క వరసా కాలం చేతికివ్వను.