శనివారం ఒక్కపొద్దు, ఆదివారం గుట్ట

మా బిడ్డ ఉరకడం మొదలుపెట్టింది 2012లో, రెండోసారి గర్భం నిలవక దవాఖాన నుంచి వచ్చిన కొన్ని నెలలకు. కోదాడలో ఆమెకు బ్యాంకు ఉద్యోగం, అల్లుడికి అక్కడే ఎరువుల దుకాణం. పొద్దున్నే కాస్త నడవమని డాక్టరమ్మ చెప్పిందట. ఆ నడక ఎప్పుడు పరుగైందో మాకు తెలియదు. మరుసటి ఏడు వానకాలంలో ఫోన్ చేసి, చలికాలంలో నల్లమల అడవిలో కొండదారుల వెంట పరుగు పందెం ఉందని, తన పేరు ఇచ్చేశానని చెప్పింది. ఆమె గొంతులో సంతోషం విని చాలా రోజులైంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ పనికైనా ముందు ఒక పద్ధతి వేసుకోనిదే నాకు తోచదు. ఆమె రోజూ ఉరికే కాలువ కట్ట బల్లపరుపుగా ఉంటుంది, దాని మీద ఎంత ఉరికినా కొండ అలవాటు కాదన్నాను. సూర్యాపేట తోవలో ఉండ్రుగొండ గుట్టలున్నాయి, చుట్టూ అడవి, అక్కడ సాధన చేద్దామన్నాను. ఆమెకు సెలవు ఆదివారమే. అందుకని శనివారం సాయంత్రం మా మిర్యాలగూడలో బస్సెక్కి కోదాడ వెళ్లేవాణ్ణి. తెల్లవారుతుండగా అల్లుడు మమ్మల్ని కారులో గుట్ట దగ్గరికి తీసుకెళ్లి, సీటు వెనక్కి వాల్చుకుని కునుకు తీసేవాడు. ఆమె చెట్ల మధ్య రాళ్లబాటలో పైకి పోయేది. నేను కింద కూర్చుని, ఎట్లా ఎక్కిందో, ఎట్లా దిగిందో డైరీలో రాసుకునేవాణ్ణి.

ఒకసారి గొర్లు తోలుకొచ్చిన ముసలాయన ఆమెను నిలబెట్టి, "ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా, గట్ల దేవులాడుకుంట ఉరుకుతున్నవ్?" అన్నాడు.

"దొరికినంక చెప్త తాతా," అని నవ్వి వెళ్లిపోయింది. నాకు నవ్వు రాలేదు.

పండగల కాలం దాటేసరికి సాధన కుదురుకోవాలి. కానీ వారం మధ్యలో కట్ట మీద బాగానే ఉరికే మనిషి, ఆదివారం గుట్ట మీద మాత్రం వారంవారం నీరసపడిపోతోంది. ఒకనాడు దిగుతూ దిగుతూ బండ మీద కూలబడింది. పెదవులు తెల్లబడ్డాయి. తాగిన నీళ్లు కూడా కక్కేసింది. ఎప్పుడు తిన్నావని అడిగితే, శుక్రవారం రాత్రి అంది. నిన్న శనివారం కదా నాన్నా, అని గుర్తుచేసింది.

శనివారం మా ఇంట్లో ఒక్కపొద్దు. మా ఆవిడది మరీ కఠినం, పగలంతా పస్తు, సాయంత్రం దీపం పెట్టాక పాలు, అరటిపండు, అంతే. రెండోసారి దవాఖాన నుంచి వచ్చినప్పుడు, ఒడి నిండేదాకా ఇద్దరం ఇట్లాగే శనివారాలు ఉందామని బిడ్డ చేత కూడా మొక్కించింది. ఇదంతా ఇంట్లో అందరికీ తెలిసినదే. అయినా పస్తున్న మర్నాడే గుట్ట ఎక్కిస్తున్నామని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఒక్కపొద్దును తిండి లేకపోవడంగా మేమెన్నడూ చూడలేదు.

సాధన వేరే పూటకు మార్చుకోవచ్చు. పందెం మాత్రం ఆదివారం పొద్దున్నే. ఆ ముందటి శనివారం ఒక్కటి తినమన్నాను. అమ్మను అడగమంది.

మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. నేను చెప్పిందంతా విని, చెయ్యి ఆపకుండానే అంది: "తినమను, నేనెందుకొద్దంట? అడిగెటోళ్లు అడుగుడు బంద్ జేస్తే, ఇచ్చెటోడు ఏమనుకోవాలె?"

ఆ మాటే బిడ్డకు చెప్పాను. ఆ తర్వాత తల్లీబిడ్డలు ఫోన్లో కూరల గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. బిడ్డ శనివారాలు మానలేదు, గుట్టా మానలేదు. ముఖం పీక్కుపోయింది. ఒక ఆదివారం అల్లుడు కారు పక్కన నిలబడి, పిల్లలు లేకున్నా నాకు బాధ లేదు మామయ్యా, ఈమె బాగుంటే చాలు, ఆ మాట అత్తయ్యకు చెప్పాలంటే భయం, అన్నాడు. నాకూ భయమే.

పందెం ముందటి శనివారం మధ్యాహ్నం, నల్లమల పోతూ ఇద్దరూ మా ఇంట్లో ఆగారు. మా ఆవిడ నాకూ అల్లుడికీ రెండే పళ్లేలు పెట్టింది. అన్నం వడ్డించబోతుంటే బిడ్డ లేచి మూడో పళ్లెం తెచ్చుకుని, మొగుడి పక్కన కూర్చుంది.

గరిటె ఆగింది. "అంటే ఇగ అడుగుడు బంద్ జేసినట్టేనా?"

"బంద్ జేయలే అమ్మా. ఆకలైతుంది."

మా ఆవిడ వడ్డించింది. పప్పు వేసింది, నెయ్యి వేసింది, చాలన్నా వినకుండా మళ్లీ అన్నం పెట్టింది. ఒక్కసారి కూడా బిడ్డ ముఖంలోకి చూడలేదు. బిడ్డ తల ఎత్తకుండా మొత్తం తిన్నది. పొద్దు వాలకముందే వెళ్లిపోయారు. ఆ సాయంత్రం దీపం పెట్టాక మా ఆవిడ పాలు కూడా తాగలేదు.

మర్నాడు మధ్యాహ్నం అల్లుడు ఫోన్ చేశాడు. అందరికన్నా వెనక వచ్చినవాళ్లలో ఉందట, మోకాలు దోక్కుపోయిందట, కానీ కొండంతా తిరిగి దిగిందట. మా ఆవిడకు చెప్పాను. తిన్నదా అని మాత్రం అడిగింది. ఇడ్లీలు తింటోందన్నాను. తలూపింది.

అప్పుడైనా తను అన్నం తింటుందనుకున్నాను. తినలేదు. పొద్దు గూకాక రెండు ముద్దలు తిన్నది. తర్వాతి వారమూ అంతే, శనివారంతో పాటు ఆదివారం కూడా సాయంత్రందాకా పస్తు. బిడ్డ వంతు కూడా తనే ఉంటోందని అర్థం కావడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. మా ఆవిడకు షుగర్ ఉంది, పరగడుపున గోళీలు వేసుకునే మనిషి. నేను అంటే వినదు. వినేది బిడ్డ మాటే. కానీ బిడ్డకు చెబితే, పందెం నాటి నుంచి శనివారాలు తింటున్న మనిషి మళ్లీ పస్తుంటుంది.

కోదాడ నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా అమ్మ ఎట్లుందని అడిగేది. బాగుందనేవాణ్ణి.