కాక ఎక్కగలిగే బండి

కొత్త బండ్లకు ఒక వాసన ఉంటుంది. ఎండలో వరసగా నిలబెట్టినప్పుడు టైర్ల రబ్బరు, పెయింటు, అప్పుడే వేడెక్కిన ఇంజన్ ఆయిలు కలిసి ముక్కుకు తగులుతాయి. మొన్న ఆదివారం జగిత్యాలలో ఒక షోరూం వాళ్లు డెమో డే పెడితే మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. షామియానా కింద అడుగుపెట్టగానే ఆ వాసన వచ్చింది. దాని వెంటే నాకు చిరాకు కూడా వచ్చింది. "ఏమైంది బాపూ, ముఖం గట్ల పెట్టినవ్?" అని మా అమ్మాయి అడిగితే ఎండకని చెప్పాను. ఆ చిరాకు నర్సాగౌడ్ కాక మీద. ఆయన పోయి ఏళ్లు గడిచాయి. కొత్త టైర్ల వాసన వస్తే చాలు, ఆయన పక్కనే నిలబడి బండికి వంకలు పెడుతున్నట్టే ఉంటుంది.

కాకది కోరుట్లలో వ్యవసాయ మోటార్లు బాగుచేసే దుకాణం. కాలిపోయిన మోటారు విప్పి, రాగితీగ మళ్లీ చుట్టి, పొలానికి తీసుకెళ్లి బిగించి, నీళ్లు పోస్తున్నాయో లేదో చూసి రావడం మా పని. నేను ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరి, అక్కడే ఉండిపోయాను. మాది సిరిసిల్ల. మా నాన్న సాంచాల మీద బట్ట నేసేవాడు. పదో తరగతితో నా బడి ఆగిందే తప్ప చదువు ఆగలేదు. సిరిసిల్ల గ్రంథాలయంలో విజ్ఞానశాస్త్రం అల్మారా అంతా చదివాను. కోరుట్లకు వచ్చాక ఇక్కడి గ్రంథాలయాన్నీ వదల్లేదు. ఈ మాట గొప్ప కోసమే చెబుతున్నాను, ఎందుకంటే నా జీవితంలో నేను సొంతంగా సంపాదించుకున్నది అదొక్కటే. కాకకు మాత్రం అదొక వేళాకోళం. నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. "ఓ లైబ్రరీ, పానా ఇటియ్యి" అనేవాడు. రైతులు ఫోన్ చేస్తే "మా లైబ్రరీని తోల్కొని అస్త, ఫికరు వెట్టుకోకు" అనేవాడు. వీర్నపల్లి వైపు కొందరు రైతులకు నా అసలు పేరు ఇప్పటికీ తెలియదు.

దుకాణం పెట్టకముందు కాక బీర్పూర్‌లో కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. ఒకరోజు చెట్టు మీది నుంచి పడ్డాడు. నెలల తరబడి మంచంలో ఉండి లేచాడు గాని కుడికాలు పూర్తిగా తిరిగి రాలేదు. నిలబడితే బరువు మోసేది, మెట్టు ఎత్తుకు లేచేది, అంతకు మించి లేచేది కాదు. అందుకని బండి నేను నడిపేవాణ్ణి, ఆయన వెనక కూర్చునేవాడు. మా పాత బండి సీటు బాగా కిందికి ఉండేది. ఎడమ పక్క నిలబడి, ఎడమకాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, కుడికాలిని చేత్తో పట్టి సీటు మీదుగా అవతలికి లాక్కునేవాడు. చూసేవాళ్లకు ప్రాణం ఉసూరుమనేది. ఎవరైనా చెయ్యి అందిస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. "నేనేమన్న మూటనా, ఎత్తి పెట్టనీకి?" అని వాళ్ల మీద పడేవాడు. దుకాణంలోనే కూర్చుని పని చూసుకొమ్మని ఆయన భార్య ఎన్నిసార్లు చెప్పిందో. "దుకాణంల కూసుంటె మల్ల మంచంల వడ్డట్టే ఉంటదే" అనేవాడు. బండి ఎక్కగలిగినంత కాలమే తాను మనిషినని ఆయన లెక్క. ఆ లెక్క నాకు తెలుసు. తెలిసీ చిరాకు పడేవాణ్ణి.

ఎందుకంటే ఆయనతో ప్రయాణం అంత సుఖమైనది కాదు. గీత పనివాళ్లు చెట్టెక్కేటప్పుడు తమ నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే లావుపాటి తాడును మోకు అంటారు. కాక తన పాత మోకులోంచి ఒక ముక్క కోసి దాచుకున్నాడు. బండెక్కగానే దాన్ని తన నడుము చుట్టూ, నా నడుము చుట్టూ కలిపి ముడివేసేవాడు. మొదటిసారి నేను బిత్తరపోయాను.

"కాకా, ఇదేంది? నేనేమన్న తాటిచెట్టునా?"

"చెట్టయితె కదలదు. నువ్వు కదులుతవు. గందుకే."

ఆ తాడుతోనే రుద్రంగి సంతలోంచి వెళ్లాం, పెళ్లి ఊరేగింపుల పక్క నుంచి వెళ్లాం. జనం నవ్వేవారు. బండి ఆపాక కూడా ఆయన ముడి విప్పి, కాలు లాక్కుని, దిగి నిలబడేదాకా నేను దిగడానికి వీల్లేదు. నేను కాస్త కదిలితే వెనక నుంచి గద్దింపు వినిపించేది. "ఆగు. నేను దిగినంకనే నువ్వు దిగాలె."

ఇంతకన్నా పెద్ద తలనొప్పి ఇంకోటి ఉంది. ఆయన ఎక్కడికి ఎక్కినా కుడికాలే ముందు. గడపైనా, బస్సైనా అంతే. పడిన రోజు చెట్టుకు ఎడమకాలు ముందు పెట్టాడట, అందుకే పడ్డాడట. ఒకసారి కథలాపూర్ దాటాక చాయ్ హోటల్ ముందు ఈ విషయం మీద నేను గట్టిగానే వాదించాను.

"కాకా, ముందురోజు వాన పడ్డదని నువ్వే చెప్పినవు. తడిచిన చెట్టుకు పట్టు ఉండదు. జారింది, పడ్డవు. రాపిడి తగ్గితే ఎవరైనా జారుతరు. పుస్తకాలల్ల ఉన్నది."

"వాన ఊరంత వడ్డది. ఊరోళ్లందరు చెట్లెక్కిండ్రు. అందరు వడ్డరా?"

"వాళ్ల చెట్లు వేరు."

"నా కాలు వేరు. ఎడమకాలు వెట్టిన, వడ్డ. నువ్వున్నవా ఆడ? చాయ్ తాగు."

అల్మారాలకు అల్మారాలు చదివినవాణ్ణి, చాయ్ గ్లాసు అందుకున్నాను. ఆ మాట కన్నా ఆయన చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ తీరికగా నవ్వడమే నాకు ఎక్కువ మండింది.

ఆ తర్వాత ఒక వానాకాలంలో మా పాత బండి ఆగిపోయింది. ఆ మోడలే రావడం లేదు, సామాన్లు దొరకవని మెకానిక్ చేతులెత్తేశాడు. కొత్త బండ్లన్నిటికీ వెనక సీటు ఎత్తు. ఆయన ఎక్కగలిగే బండి దొరకకపోతే ఆయన పొలాలకు రావడం అక్కడితో ఆగిపోతుంది. ఈ సంగతి నాకూ ఆయనకూ తెలుసు గాని ఇద్దరమూ బయటికి అనలేదు. అప్పుడే జగిత్యాలలో డెమో డే అని మైకులో చెప్పుకుంటూ ఆటో తిరిగింది. రకరకాల బండ్లు ఒక్కచోట పెడతారు, ఏది కావాలంటే అది నడిపి చూడవచ్చు. పొద్దున్నే కాక ఉతికిన పంచె కట్టుకుని, మోకు భుజాన వేసుకుని బస్టాండుకు వచ్చాడు.

"కాకా, ఆ తాడెందుకు? అక్కడ పెద్దపెద్దోళ్లు వస్తరు."

"అచ్చినోళ్లు వాళ్ల బండి వాళ్లు సూసుకుంటరు. నీకేంది?"

షోరూంలో టై కట్టుకున్న సేల్స్‌మన్ నా లైసెన్సు చూసి హెల్మెట్ ఇచ్చాడు. కాక కూడా హెల్మెట్ అడిగాడు. "అంకుల్, టెస్ట్ రైడ్‌కు ఒక్కరికే పర్మిషన్" అన్నాడతను. "నడిపేది ఈనె, కొనేది నేను. ఎవలకియ్యాలె పర్మిషన్?" అన్నాడు కాక. అతను ఇంకో హెల్మెట్ తెచ్చాడు. తర్వాత కాక మొదటి బండి ట్యాంకు తాకి, చెయ్యి కళ్లకద్దుకున్నాడు. చెట్టెక్కే ముందు చెట్టుకు దండం పెట్టేది అలాగే. "అంకుల్, ఇంకా కొనలేదు గదా" అని సేల్స్‌మన్ నవ్వాడు. "దండం కొన్నందుకు కాదు బిడ్డా, ఎక్కేటందుకు."

కాని ఎక్కలేకపోయాడు. ఎడమకాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, కుడికాలిని చేత్తో లాగితే అది సీటు అంచు దగ్గరే ఆగిపోయింది. రెండుసార్లు లాగాడు. దిగి, బండిని పైనుంచి కిందికి చూశాడు. "దీని రంగు మంచిగ లేదు" అన్నాడు. రెండోది లావుపాటి బండి, వెనక ఆనుకోవడానికి దిండు ఉంది. ఆ దిండుకే కాలు తట్టుకుంది. "కూసోనీకి కుర్చీ ఇంట్ల లేదా?" అన్నాడు. మూడోదాని చప్పుడు దగ్గులా ఉందన్నాడు. నా మనసు మాత్రం నాలుగో దాని మీద ఉంది. దాని గురించి పత్రికల్లో చదివి ఉన్నాను. వెనక సీటు తేలు తోకలా పైకి లేచి ఉంది. దాన్ని ఎక్కడం ఆయన వల్ల కాదని దూరం నుంచే తెలుస్తోంది. అయినా వదలడే! దానికీ దండం పెట్టాడు. నేను ఉక్రోషం పట్టలేక దాని ఇంజన్ బలం, గరిమనాభి, బ్రేకుల సంగతి గడగడా అప్పజెప్పాను. సేల్స్‌మన్ కూడా నోరు తెరిచి విన్నాడు. కాక అంతా విని, "అయిపోయిందా? ఇగ చెప్పు, గీ సీటు మీద కూసునేది మనిషా, కాకినా?" అన్నాడు.

చివరికి స్కూటర్ ఒకటి ఎక్కగలిగాడు. సీటు కిందికి ఉంది, కాలు చక్కగా అవతల పడింది. మోకు బిగించాడు. మైదానం చుట్టూ ఒక రౌండ్ తిరిగాం. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆపగానే వెనక నుంచి, "గీ చిన్న చక్రాలతోని పొలం గట్ల మీద పోతవా? బీర్పూర్ బురదల దిగవడితె దీన్ని నువ్వు మోస్తవా, నేను మొయ్యాల్నా?" అన్నాడు. మాట నిజమే. నిజమైనందుకే ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంలో తాడు సంగతి మరిచి స్కూటర్ దిగాను. మోకు గుంజుకుంది. ఆయన సీటు మీది నుంచి జారి నా మీద, ఇద్దరమూ కలిసి పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీల మీద పడ్డాం. షామియానా అంతా నవ్వులు. సేల్స్‌మన్ పరుగున వచ్చి చెయ్యి అందించాడు. కాక ఆ చెయ్యి పట్టుకోలేదు. కుర్చీని పట్టుకుని తనే లేచి, దాంట్లోనే కూర్చున్నాడు.

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మోకు చుట్ట చుట్టి నా చేతిలో పెట్టి, "ఇగ నువ్వే పో లైబ్రరీ. నీకు నచ్చింది తీస్కో. నేను దుకాణంల కూసుంట" అన్నాడు. ఆ రోజంతా ప్రతి తప్పునూ బండి మీదికే నెట్టిన మనిషి మొదటిసారి ఏ బండినీ ఏమీ అనలేదు.

జాలిపడాల్సిన సమయం అది. నాకు మాత్రం పిచ్చికోపం వచ్చింది. "కుడి దిక్కు నుంచి ఎక్కితే అయిపోతది గదా కాకా! నీ ఎడమకాలు మంచిగనే లేస్తది!"

"ఎడమకాలు ముందు వెట్టి ఎక్క. నీకెన్నిసార్లు చెప్పాలె?"

"ఎక్కవా? మరి ఇన్నేండ్ల సంది ఏం చేసినవ్? ఎడమ దిక్కు నిలవడి, ఫుట్‌రెస్ట్ మీద మొదలు ఏ కాలు పెడుతున్నవ్? ఎడమకాలే! రోజూ ఎడమకాలే ముందు!"

కాక నా వైపు చూశాడు. తర్వాత తన కాళ్ల వైపు చూసుకున్నాడు. కూర్చున్నచోటే ఎడమకాలు కొంచెం ఎత్తి దించాడు, కుడికాలు ఎత్తి దించాడు.

"గట్లనా?"

"గట్లనే. ఇటు దిక్కు నుంచి ఎక్కు. ఫుట్‌రెస్ట్ మీద కుడికాలు పెట్టు. మెట్టంత ఎత్తే ఉంటది. అప్పుడు కుడికాలు ముందైతదా, కాదా?"

నేను మొదటి బండిని, ఆయనకు రంగు నచ్చని దాన్నే, మళ్లీ తెప్పించాను. ఎక్కి కూర్చుని రెండు కాళ్లూ నేలకు అదిమి పట్టాను. ఆయన కుడి పక్కకు వచ్చి మళ్లీ దండం పెట్టాడు. నా భుజం పట్టుకున్నాడు. అది సాయం కాదట, చెట్టును పట్టుకున్నట్టేనట. కుడికాలు ఫుట్‌రెస్ట్ మీద పడింది. బండి కుడివైపుకు ఒరిగింది, ఆపాను. వెనక సీటు మీద బరువు దిగింది. నా దగ్గరున్న మోకు వెనక్కి అందించాను. తర్వాత మోకు నా నడుము చుట్టూ వచ్చింది, ముడి బిగిసింది.

"రంగైతె మంచిగ లేదు" అన్నాడు. "అయినా నడువు."

ఆ బండికే బయానా ఇచ్చాం, బండి వారం తర్వాత ఇస్తామన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో, నా వాదన గెలిచిన ఉత్సాహంతో అడిగాను. "ఇన్నేండ్లు ఎడమకాలు ముందు పెట్టి బండెక్కినా పడలేదు గదా కాకా? మరి నీ లెక్క తప్పే గదా?" కాక కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ నడుముకు మోకు కట్టుకున్న గద" అన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు రుద్రంగి, వీర్నపల్లి, బీర్పూర్ అన్నీ తిరిగాం. కుడి పక్క సైలెన్సర్ వేడికి ఆయన పంచె అంచులు ఎన్ని కాలాయో. కాలిన ప్రతిసారీ "ఇటు దిక్కు ఎక్కుమన్నది నువ్వే గద" అని నన్నే తిట్టేవాడు. ఒకరోజు ఎక్కబోయి ఆగి, "ఇయ్యాల ఒద్దు లైబ్రరీ" అన్నాడు. ఆ తర్వాత ఎక్కలేదు. ఆ చలికాలంలోనే పోయాడు.

మొన్న ఆదివారం మా అమ్మాయి తాను నడిపే ముందు నన్ను ఒక రౌండ్ తిప్పమంది. వెనక కూర్చోబెట్టుకుని మైదానం చుట్టూ తిరిగి షామియానా ముందు ఆపాను. ఇంజన్ కట్టేసి, రెండు కాళ్లూ నేలకు అదిమి పట్టి కూర్చున్నాను. ఎదురుగా ఎవరో వచ్చి నిలబడ్డట్టయితే తలెత్తాను. మా అమ్మాయి, హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని ఉంది.

"బాపూ, నేను దిగి ఎంతసేపాయె! ఇంకా దిగవేంది?"

దిగబోయాను. అలవాటు కొద్దీ చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది, కాక ముడి విప్పాడో లేదో చూసుకోవడానికి.